పైన మూడు

ఎనిమిదోసారి కూడా పెట్టె నిజమే చెప్పింది.

గాలికి ఊగే బరువు తాలూకు అంకెలు అందించగానే, పరీక్ష బల్ల మీద ఇటుకంత ఉన్న ఆ పెట్టె తెర ఎర్రగా వెలిగింది. బరువు 8.25 టన్నులు. మోయదగిన బరువులో 129 శాతం. మూడుసార్లు బీప్‌మని, లోపల రిలే టక్కుమని పడింది. నిజం క్రేన్‌లో అయితే ఆ టక్కుతో మోటారు ఆగిపోవాలి. బరువు నేల విడిచి జానెడు కూడా లేవకూడదు.

రెండు రోజుల కిందట, గాలి లేచిన పూట, సైట్‌లో ఇలాంటి పెట్టే పచ్చగా వెలిగింది. 6.0 టన్నులు అంది. 94 శాతం అంది. కాంక్రీటు పలక గాల్లోకి లేచింది, దాని వెనకే, బూమ్ అనే పొడవాటి ఇనుప చేతితో సహా, క్రేన్ ఒరిగి పడిపోయింది. కింద నిలబడి చేతి సైగలిచ్చే మనిషి పలక కింద ఉండిపోయాడు. పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్‌కి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆపరేటర్, బల్ల ముందు కూర్చుని పెట్టెని పరీక్షిస్తున్న ఆమెకి నాన్న. చనిపోయినాయన ఆమెకి బాబాయ్. రక్తసంబంధమేమీ లేదు, పాతికేళ్లు నాన్న పైనా, ఆయన కిందా ఉండి ఒకే క్రేన్ నడిపారు. క్రేన్ తాహతుకి మించి ఎత్తకుండా కాపలా కాసే ఈ పెట్టెకి ప్రోగ్రామ్ రాసే ఉద్యోగం ఆమెకి వచ్చిన రోజున, "ఇంక మన ప్రాణాలు మన పెట్టెమ్మ చేతిలో!" అని పకపకా నవ్వింది ఆయనే. ఆ పేరు ఇంట్లోంచి ఆఫీసు దాకా పాకి, ఇప్పుడు అందరికీ ఆమె పెట్టెమ్మే.

గోడ గడియారం పది నలభై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి, ప్రమాదాన్ని విచారిస్తున్న ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి వచ్చి నాన్న వాంగ్మూలం తీసుకుంటారు. పెట్టె బాగుందని తేలితే తప్పు ఆపరేటర్‌ది. మనిషి ప్రాణం తీసిన నిర్లక్ష్యం. అంటే జైలు.

"ఇంకా ఎన్నిసార్లు అడుగుతావమ్మా దాన్ని?"

వెనక మేనేజరు. ఏ మాట మొదలెట్టినా గడువు దగ్గర తేల్చే మనిషి. అందుకే చాటుగా అందరూ గడువుగారు అంటారు.

"ఎనిమిదిసార్లు అడిగావు, ఎనిమిదిసార్లూ ఒకటే మాట చెప్పింది. మనుషులైనా ఇంత నికరంగా ఉండరు."

"మరి సైట్‌లో ఆరెందుకు చూపించింది సార్?"

"ఆరు టన్నులుంది కాబట్టి. పలక తాలూకు కాగితం ఆరంటోంది. పడిన పెట్టెలోంచి తీసిన రికార్డు ఆరంటోంది. కాదంటున్నది నువ్వొక్కదానివే."

"నిన్న నేనే వెళ్లి టేపు పెట్టి కొలిచాను. పలక మందం పదహారు సెంటీమీటర్లు ఉండాలి. ఇరవై రెండుంది. పలకలు పోసే యార్డు వాళ్లు వేరే పలక పంపారు. లెక్కేస్తే ఎనిమిదింపావు టన్నులు."

"నువ్వు కొలిచింది ఒక విరిగిన ముక్క." ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నాన్నగారంటే నీకుండే బాధ నాకు తెలీదా? కానీ నాలుగింటికల్లా మన రిపోర్టు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండాలి. 'పెట్టెలో లోపం లేదు' అని రాసి పెట్టాను. కాదనిపించేది ఏదైనా ఉంటే తీసుకురా. లేదంటే సంతకం పెట్టెయ్."

ఆమె జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. అమ్మ.

"ఒసేయ్, ఉన్నపళంగా రావే. మీ నాన్న తప్పంతా తనదేనని రాసిస్తాడట. నా మాట వినడం లేదు."

*

ఆరు మంచాల వార్డు. కిటికీ పక్క మంచం మీద నాన్న. విరిగిన కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా ఇనుప బరువులు వేలాడదీశారు.

"చూశావటే, నన్నే క్రేన్‌కి కట్టేశారు," అన్నాడు కూతుర్ని చూడగానే. "ఐదు కిలోలట. నీ పెట్టె తెచ్చి పెడితే మూడున్నర చూపిస్తుందేమో."

"ఆ నోటికి మాత్రం ఏ ఎముకా విరగలేదు," అంది అమ్మ, మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుంటూ.

పెట్టెమ్మకి నవ్వు రాలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఏం రాసిస్తావ్ నాన్నా?"

"తొందరపడి బూమ్‌ని జోరుగా తిప్పాను, పలక ఊగింది, క్రేన్ పడింది. అంతే. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు."

"తిప్పావా?"

"నలభై ఏళ్లలో ఎప్పుడైనా తిప్పానా?"

"మరి?"

ఆయన చూపు కప్పీ మీదికి తిప్పాడు. "పెట్టె తప్పు అంటే తరవాతి ప్రశ్న ఏంటి? పెట్టె చేసిందెవరు? నాకింక క్రేన్ ఎక్కే కాలూ లేదు, వయసూ లేదు. లోపలేస్తే వేళకింత అన్నం పెడతారు. నీ సంగతి అలా కాదు."

"పరీక్షల్లో పెట్టె బాగానే ఉంది నాన్నా. అదే నాకు పిచ్చెక్కిస్తోంది."

"ఆ రోజూ అలాగే అన్నావు," అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

ఏ రోజని ఆమె అడగలేదు. గుర్తొచ్చింది. తొమ్మిది రోజుల కిందట నాన్న సైట్ నుంచి ఫోన్ చేశాడు. కాంక్రీటు బకెట్ ఎప్పుడెత్తినా 2.2 టన్నులు చూపించేదట. గాలి లేచిన పూట అదే బకెట్ 1.6 అంటోందట. గాలిలో బరువు ఊగుతుంది కాబట్టి పెట్టె అప్పుడు ఎక్కువ రీడింగులు తీసుకుని సగటు కడుతుంది. మామూలప్పుడు ఎనిమిది, గాలిలో పదకొండు. ఆమె ఆ రోజే గంటసేపు బల్ల మీద, గాలి అంకెలు కూడా ఇచ్చి, పరీక్షించింది. ఎన్నిసార్లు చూసినా 2.2. నాన్నకి మెసేజ్ పెట్టింది: "చూశాను నాన్నా. పెట్టె బాగుంది. నమ్ము."

"నమ్మాను," అన్నాడు నాన్న. "ఏ బరువైనా ముందు జానెడు లేపి, పది లెక్కపెట్టి, తాడు మూలుగు విని, ఆ తరవాతే ఎత్తేవాణ్ని. మొన్న పలక మందంగా ఉందని బాబాయ్ కింద నుంచి అరిచాడు కూడా. పెట్టె ఆరంటోందిరా, కాగితమూ ఆరంటోంది, మా అమ్మాయి చూసి చెప్పిందిరా అన్నాను. ఆ పూట తాడు మూలుగు వినలేదు." అమ్మ వైపు ఓసారి చూశాడు. "ఆ ఫోన్ సంగతి ఆ ఇన్‌స్పెక్టర్‌కి తెలియకూడదు. మన ముగ్గురి మధ్యే ఉండాలి."

ఇదంతా జరుగుతున్నంతసేపూ అమ్మ చేతులు ఆగలేదు. ఆగితే ఏడుస్తుందని ఆవిడకి తెలుసు. పొట్లంలోని మాత్రలు దుప్పటి మీద పోసి డబ్బాలోకి లెక్కపెడుతోంది. నాన్న నాలుగు గొలుసుల స్లింగులతో బరువులెత్తే మనిషి కావడంతో ఆ ఇంట్లో ఏది లెక్కపెట్టినా నాలుగేసి చొప్పున, పుంజీల్లోనే.

"పుంజీ... రెండు పుంజీలు... మూడు... నాలుగు పుంజీలు." అమ్మ డబ్బా మూత నొక్కేసింది.

"పైన మూడున్నాయి చూడు దుప్పటి మీద," అన్నాడు నాన్న. "అవెవరికి వేస్తావ్, డాక్టరుకా?"

"అయ్యో, పుంజీలు అయిపోగానే లెక్కా అయిపోయిందనుకున్నా."

పెట్టెమ్మ తల ఎత్తింది.

దుప్పటి మీద మూడు తెల్ల మాత్రలు. పదకొండు రీడింగులంటే రెండు పుంజీలు, పైన మూడు. ఆ పైన మూడూ కూడకుండా వదిలేసి, మొత్తాన్ని మాత్రం పదకొండుతోనే భాగిస్తే? ఫోన్ తీసి లెక్క కొట్టింది. 8.25 ఇంటూ ఎనిమిది, బై పదకొండు.

6.0.

బకెట్. 2.2 ఇంటూ ఎనిమిది, బై పదకొండు.

1.6.

"ఎక్కడికే?" అంటోంది అమ్మ. పెట్టెమ్మ అప్పటికే వార్డు గుమ్మం దాటింది.

*

అయితే తను రాసిన ప్రోగ్రామ్‌లో పుంజీలు లేవు. ఆటోలో వస్తూ ఆ వరుసల్ని మనసులోనే పదిసార్లు చదువుకుంది. ఒక్కో రీడింగు తీసుకో, మొత్తానికి కలుపు, పదకొండూ అయ్యేదాకా ఆగకు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మరి నాలుగేసి చొప్పున లెక్కపెడుతున్నదెవరు?

ల్యాబ్ తలుపు తోస్తుండగానే జవాబు తట్టింది.

వాళ్ల ఆఫీసులో ప్రతి ప్రోగ్రామ్‌కీ రెండు రూపాలుంటాయి. ఒకటి వాగుడుకాయ: లెక్క వేస్తూ ప్రతి అడుగునూ కంప్యూటర్ తెర మీదికి రాస్తూ పోతుంది. రెండోది మూగది: నోరు మూసుకుని పని చేసుకుపోతుంది. క్రేన్లలోకి వెళ్లేది మూగది. బల్ల మీద పరీక్షించేది ఎప్పుడూ వాగుడుకాయనే, ఎందుకంటే మూగదాన్ని పరీక్షిస్తే లోపల ఏం జరిగిందో కనపడదు. రెండూ ఒకే ప్రోగ్రామ్ కదా, మాటలొక్కటే తేడా కదా అని మూడేళ్లుగా ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. తొమ్మిది రోజుల కిందట ఆమె గంటసేపు ప్రశ్నించింది వాగుడుకాయని. పొద్దున ఎనిమిదిసార్లు అడిగిందీ దాన్నే.

మూగదాన్ని పెట్టెలోకి ఎక్కించింది. అదే బరువు, అదే గాలి.

తెర పచ్చగా వెలిగింది. 6.0. 94 శాతం. బీప్ లేదు, టక్కు లేదు.

రుజువు కళ్ల ముందుంది. కారణం కావాలి, కారణం లేని రుజువుని కాకతాళీయమని కొట్టిపారేస్తారు. టైమ్ ఒకటిన్నర.

మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే చిన్న చిన్న ఆజ్ఞలుగా మార్చేది కంపైలర్ అనే మరో ప్రోగ్రామ్. 'వేగం పెంచు' అని చెబితే అది ఊరికే మార్చదు. తెలివి వాడి అడుగులు తగ్గిస్తుంది. పెట్టెమ్మ మూగదాని ఆజ్ఞల జాబితా తెరిచి, కూడిక జరిగే చోటు వెతికింది. రెండు వేల వరుసలు. వేలితో తెర మీద గీస్తూ చదివింది. కాఫీ చల్లారింది, మెడ పట్టేసింది. రెండుంబావుకి దొరికింది.

ఒక్కొక్కటే కూడటం ఆలస్యమని కంపైలర్ నాలుగేసి రీడింగుల్ని కట్టగట్టి కూడుతోంది. అంతవరకూ మంచిదే, అన్ని కంపైలర్లూ చేసేదే. అయితే కట్టలు అయిపోయాక చివర మిగిలిన ఒకటో రెండో మూడో కలపడానికి ఇంకొన్ని ఆజ్ఞలుండాలి. అవి లేవు. నాలుగేసి కట్టలు కడితే చివర ఎప్పుడూ ఏమీ మిగలదని ఎక్కడో తనకు తానే తేల్చేసుకుని, ఆ తోకని కోసి పారేసింది. వాగుడుకాయలో ప్రతి రీడింగు దగ్గరా ఆగి మాట్లాడాలి కాబట్టి అక్కడ కట్టలు కట్టడం కుదర్లేదు. అందుకే అది నిజం చెప్పింది. వినేవాళ్లున్న చోట నిజం, లేనిచోట అబద్ధం.

పెట్టె సంగతంతా పక్కన పెట్టి ఐదు వరుసల ప్రోగ్రామ్ రాసింది. ఒకటి నుంచి పదకొండు దాకా కూడు. అరవై ఆరు రావాలి. కంపైలర్‌కి వేగం పెంచమని చెప్పి నడిపింది.

ముప్పై ఆరు.

ఆ 'వేగం పెంచు' అన్న మాట ఎప్పుడు పెట్టారో చూడాలని రికార్డు తీసింది. మూడు వారాల కిందట. పెట్టింది తనే. "నీ పెట్టె నత్తనడక నడుస్తోందే, బూమ్ కదిలిన ఇంతసేపటికి అంకె మారుతోంది," అని నాన్న వేళాకోళం చేస్తే, నవ్వుతూ వచ్చి కంపైలర్‌కిచ్చే ఆజ్ఞలో ఒక్క అక్షరం మార్చింది.

వెళ్లి గడువుగారి గది తలుపు కొట్టింది.

ఆయన ఆమె చూపించిన ముప్పై ఆరు వంక చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు. "నాలుగో తరగతి పిల్లలు చేసే లెక్క," అన్నాడు. తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి తెరచాపలా ఉబ్బి కొట్టుకుంటోంది. "ఈ మూడు వారాల్లో దీన్ని ఎన్ని పెట్టెల్లోకి ఎక్కించాం?"

"అరవై రెండు సార్."

ఇంక ఆ మనిషి గడువు ఊసెత్తలేదు. ఫోన్ అందుకుని సైట్‌లకి తనే వరసగా చేయడం మొదలెట్టాడు. "క్రేన్ ఆపండి. ఇప్పుడే. బరువు గాల్లో ఉంటే నెమ్మదిగా దించి ఆపండి. కారణం తరవాత చెప్తా, ముందు ఆపండి." ఆరో ఫోన్‌కీ ఏడో ఫోన్‌కీ మధ్య ముందే రాసి పెట్టిన రిపోర్టుని నాలుగు ముక్కలుగా చింపాడు. "తప్పు కంపైలర్‌ది. మనమూ కాదు, మీ నాన్నా కాదు. పరిగెత్తు. రెండు పెట్టెలూ పట్టుకెళ్లు."

*

మూడు యాభై ఐదుకి ఆమె వార్డులో అడుగు పెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ అప్పటికే వచ్చి ఉంది. నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది, ఒళ్లో కాగితాల అట్ట. నాన్న చేతిలో పెన్ను.

"సంతకం పెట్టకు!"

పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. పెట్టెమ్మ రెండు పెట్టెలూ మంచం పక్క బల్ల మీద పెట్టి, రొప్పుతూనే చెప్పింది. ఒకదానిలో మూగది, రెండోదానిలో వాగుడుకాయ. రెండింటికీ ఒకటే బరువు, ఒకటే గాలి తాలూకు అంకెలు ఇచ్చింది. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా వెలిగాయి. మాత్రలు దుప్పటి మీద పోసి నాలుగేసి చొప్పున జరిపి, మిగిలిన మూడింటినీ వేలితో పక్కకి నెట్టి చూపించింది. ఇన్‌స్పెక్టర్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్న తనే పెన్సిల్‌తో 8.25ని ఎనిమిదితో గుణించి పదకొండుతో భాగించుకుంది.

"సరే," అంది. నాన్న ముందున్న కాగితం మెల్లగా లాక్కుని అట్ట కింద పెట్టేసింది. "మీరు బూమ్ జోరుగా తిప్పలేదన్నమాట."

అమ్మ చేతులు జోడించింది.

"ఒక్క ప్రశ్న మిగిలింది." ఇన్‌స్పెక్టర్ అట్టలోంచి ఇంకో కాగితం తీసింది. "ఇది పడిన పెట్టెలోంచి తీసిన రికార్డు. తొమ్మిది రోజుల కిందట ఒకే బకెట్ పొద్దున 2.2, మధ్యాహ్నం గాలిలో 1.6. ఆ తరవాత కూడా గాలి ఉన్న ప్రతి పూటా అంతే. పొద్దుట్నుంచీ దీని అర్థం ఏంటా అని చూస్తున్నాను, ఇప్పుడు తెలిసింది. మీరు నలభై ఏళ్ల అనుభవమున్న ఆపరేటర్. పెట్టె గాలిలో తక్కువ చూపిస్తోందని మీకు తెలియలేదా?"

"లేదండీ."

"ఆరువందల కిలోల తేడా. కంటికి కనపడలేదా?"

నాన్న కప్పీ వంక చూస్తూ తెగించేశాడు. "కనపడింది. చూశాను. పట్టించుకోలేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పలేదు."

"అంటే పెట్టె తప్పు చూపిస్తోందని తెలిసీ, ఎవరికీ చెప్పకుండా దాన్నే నమ్మి పలక ఎత్తారు." ఇన్‌స్పెక్టర్ గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "ఇది జోరుగా తిప్పడం కంటే పెద్ద నేరమండీ. మీకు అర్థమవుతోందా?"

"అవుతోంది. రాసుకోండి."

పెట్టెమ్మకి ఇప్పుడు మొత్తం అర్థమైంది. పొద్దుట్నుంచీ తను వెతికి తెచ్చిన రుజువే నాన్న మెడకి చుట్టుకుంది. దాన్ని విప్పేది ఒక్కటే ఉంది. అది ఆమె చొక్కా జేబులో ఉంది.

నాన్న ఆమె చెయ్యి జేబు వైపు వెళ్లడం చూశాడు. "పెట్టెమ్మా, వద్దు."

ఆమె ఫోన్ తీసింది.

"వద్దే. నా మాట విను. కాళ్లు పట్టుకుంటానే." లేవబోయాడు. కాలికి కట్టిన తాడు బిగుసుకుంది, బరువులు మంచం కోడుకి కొట్టుకుని ఖంగుమన్నాయి. నొప్పికి కేకపెట్టాడు. అమ్మ భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టింది, తనూ ఏడుస్తూ.

పెట్టెమ్మ మెసేజ్ తెరిచి, ఫోన్‌ని ఇన్‌స్పెక్టర్ ఒళ్లో ఉన్న అట్ట మీద పెట్టింది. చూశాను నాన్నా. పెట్టె బాగుంది. నమ్ము. పైన తేదీ, టైమ్.

"ఆయన చెప్పారు," అంది. "అదే రోజు చెప్పారు. నేను పరీక్షించింది సైట్‌కి పంపిన ప్రోగ్రామ్‌ని కాదు. ఆ తేడా నాకు తెలియాలి, తెలియలేదు. మూడు వారాల కిందట వేగం పెంచమని కంపైలర్‌కి చెప్పిందీ నేనే. బాగుందని చెప్పి ఆయన్ని నమ్మించిందీ నేనే."

ఇన్‌స్పెక్టర్ మెసేజ్ రెండుసార్లు చదివింది. ఫోన్‌ని ఒక ప్లాస్టిక్ కవర్‌లో వేసి, అంటించి, మీద నంబర్ రాసింది. నాన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆయన భుజం కదలడం మాత్రం కనిపిస్తోంది.

"నాన్నా," అంది పెట్టెమ్మ. ఆయన తిరగలేదు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీని నాన్న మంచం దగ్గర్నుంచి ఆమె స్టూలు వైపు జరుపుకుంది. అట్టలోంచి కొత్త వాంగ్మూలం కాగితం తీసింది. పేరు అడిగింది, వయసు అడిగింది, ఉద్యోగం అడిగింది. ఒక్కోటీ గుండ్రటి అక్షరాలతో నింపింది. తరవాతి గడి తండ్రి పేరు.

అది మాత్రం అడగలేదు. మంచం తలవైపు వేలాడుతున్న ఆసుపత్రి చీటీ చూసి రాసుకుంది.